దేవర ముందర ఇరవై నిమిషాలు

నేను తాగుబోతును. పావగడ ఆసుపత్రిలో ఒక రూములో పదిమంది ముందర ఈ మాట చెప్పి చెప్పి నోరు అలవాటు పడింది. అందుకే కాగితం మీద కూడా మొదట అదే వచ్చింది.

మాది బలసముద్రం. గొర్రెలోళ్ళం. భూమి సోలార్ ప్యానెళ్ళ కిందికి పోయినాక శెనక్కాయ పంట లేదు, మేపడానికి బీడు తగ్గింది, నాకు పొద్దు మాత్రం బాగా మిగిలింది. ఆ మిగిలిన పొద్దంతా తాగినాను. దాంట్లో ప్యానెళ్ళ తప్పేమీ లేదు. అవి రాకముందు వాన రాలేదని తాగినాను. వాన వచ్చిన ఏడు వచ్చిందని తాగినాను.

పొద్దున లేస్తానే చేతులు వణికేవి. ఒకరోజు గొర్రెకు కడుపుమందు తాపబోయి దాని ముక్కులో పోసినాను. గొర్రె తుమ్మింది. నా పెండ్లాం వాకిట్లో నిలబడి చూసింది. "పద, ఆసుపత్రికి" అనింది. అంతే. ఇన్నేండ్ల కాపురంలో ఆమె రెండు మాటలతో ఆపడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ భయానికే బస్సెక్కినాను.

నేను అనుకున్నది వేరే. లోపలేసి తాళం పెడతారు, లేదంటే ఒక సూది పొడుస్తారు, దాంతో బుడ్డి చూస్తేనే వాంతి అవుతాది, అట్లా ఏదో. డాక్టరు సూది తీయలేదు. ఎంత తాగుతావు, ఎన్నేండ్లుగా తాగుతాండావు, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చినాయా, ఇంట్లో నీతో ఎవరుంటారు అని అడిగినాడు. చేతులు చాపమని చూసినాడు. "నీ లెక్కన తాగేవాళ్ళు ఇంట్లో తమంతట తామే ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదికి రావచ్చు" అని చెప్పి కొన్ని దినాలకు మాత్రలిచ్చినాడు. ఆ మాత్రలు నా చేతికియ్యలేదు, నా పెండ్లాం చేతికిచ్చినాడు. ప్రతి దినం వచ్చి చూపించుకోమన్నాడు. వణుకు నిలిచినాక అసలు సంగతి చెప్పినాడు.

"నీకు పడక అవసరం లేదు. ఇంట్లోనే పండుకో. వారానికి మూడు దినాలు రా. వచ్చినప్పుడు మూడు గంటలు కూర్చో."

"కూర్చుని ఏం చేయాల?"

"మాట్లాడాల."

"మాటలకి పావగడదాకా రావాల్నా సార్? మా బస్సు స్టాపులో ఊరికే దొరుకుతాయి."

"ఆ మాటలతోనే కదప్పా ఇంతదాకా వచ్చినావు" అన్నాడు డాక్టరు. నా పెండ్లాం నగింది. ఆసుపత్రిలో నగిన మొదటి మనిషి ఆమే.

మూడు గంటలు ఎట్ల గడుస్తాయో చెప్తాను, తెలియనోళ్ళకి పనికొస్తాది. మొదట అందరం గుండ్రంగా కూర్చుంటాము. పోయిన రెండు దినాల్లో ఏం జరిగింది, తాగాలని ఎప్పుడు అనిపించింది, ఒకరి తర్వాత ఒకరం చెప్పాల. ఎదుటోళ్ళు చెప్పేటప్పుడు బుద్ధులు చెప్పకూడదు. ఇది నాకు తాగుడు మానడం కంటే కష్టమయింది. తర్వాత కౌన్సెలర్ మేడమ్ పాఠం లెక్కన ఏదో ఒకటి చెప్తాది. నా కూతురి వయసు ఉంటాది ఆమెకు. వారంలో ఒక దినం ఒక్కొక్కరితో ఒంటిగా మాట్లాడతాది, ఒక దినం ఇంట్లోవాళ్ళను కూడా కూర్చోబెడతాది. ఎప్పుడో ఒకసారి చెప్పకుండా మూత్రం పరీక్ష ఉంటాది. నా మూత్రానికి అంత మర్యాద నేను ఎప్పుడూ చూడలేదు. చిన్న డబ్బాలో పోసి ఇస్తే చీటీ అంటించి, మూత బిగించి, రెండు చేతులతో పట్టుకుని పోతారు.

ఒక కాగితం కూడా ఉండాది. ప్రతి దినం తాగాలన్న ఆశ సున్నా నుంచి పదిలో ఎంత ఉండాదో రాయాల, అప్పుడు యాడ ఉన్నావో, ఎవరితో ఉన్నావో రాయాల. నాకు అప్పటికి వేలిముద్రే. నా ఆశను వేరేవాళ్ళ చేత రాయించుకోవడం సిగ్గనిపించింది. మా గుంపులోనే ఒక రిటైరైన బస్సు కండక్టరు ఉన్నాడు. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి ఆయనే నాకు అక్షరాలు నేర్పించినాడు. మాది కర్ణాటక కాబట్టి బళ్ళో అయితే కన్నడ నేర్పిస్తారు. "ఇంట్లో తిట్టేది యా భాషలో?" అని అడిగి, తెలుగు అంటే తెలుగే మొదలుపెట్టినాడు. నేను మొదట రాసిన మాట 'ఆకలి'.

ఎందుకంటే మూడు వారాలకు ఆకలి తిరిగొచ్చింది. ఒట్టి ఆకలి కాదు, అన్నీ తిరిగొచ్చినాయి. సంగటి ముద్ద వాసన ఇంత బాగుంటాదని మర్చిపోయినాను. బెల్లం గడ్డ చూస్తే చెయ్యి ఆగేది కాదు. పొద్దున గొర్రెలు దొడ్డి నుంచి ఒకదాన్నొకటి తోసుకుంటా బయటకు వస్తాంటే నగు వచ్చేది. ఎందుకో తెలీదు. ఏండ్ల తరబడి చూసిందే, అయినా నగు. నా పెండ్లాం దగ్గరికి వచ్చి మూతి వాసన చూసింది.

"ఏమప్పా, ఊరికే నగుతాండావు. యాడ తాగినావు?"

"మజ్జిగ తాగినా."

"మజ్జిగకు ఎవరన్నా ఇట్ల నగుతారా?" అని మళ్ళీ వాసన చూసింది.

ఆ సంతోషమే నన్ను పడేసింది. ఇంక నాకేం కాదులే అనుకున్నాను. ఆరో వారంలో తాగినాను, బాగా తాగినాను. మరుసటి దినం ఆసుపత్రికి పోనని మంచం పట్టుకుంటే నా పెండ్లాం మంచంతోనే ఎత్తిస్తానని చెప్పింది. పోయినాను. తరిమేస్తారు అనుకున్నాను. మేడమ్ తిట్టలేదు.

"తాతా, తాగకముందు ఏం జరిగింది?"

"బ్రాందీ అంగడికి పోయినా."

"దానికి ముందు?"

"ఆ దోవలో వస్తాంటి."

"దానికి ముందు?"

అప్పుడు నాకు తెలిసిపోయింది. ఈమె జాడ పడతాండాది. గొర్రె తప్పిపోతే మేము ముందుకు ఉరకము. చివర కనబడిన డెక్క గుర్తు కాడ నిలబడి వెనక్కి వెనక్కి చూసుకుంటా పోతాము. యాడ మంద నుంచి పక్కకు తిరిగిందో ఆ చోటు దొరికితే, ఎందుకు తిరిగిందో తెలుస్తాది. అట్లే నేనూ వెనక్కి నడిచినాను. ఆ దినం పొద్దున చిన్న మాటకు పెండ్లాంతో గొడవ పెట్టుకున్నాను. అలిగి అన్నం తినలేదు. ఖాళీ కడుపుతో, రోజూ పోయే దోవ ఇడిచి, అంగడి ఉండే దోవ పట్టినాను. అప్పటికి తాగాలని కూడా అనుకోలేదు.

"గొర్రె తప్పింది అంగడి కాడ కాదు మేడమ్" అన్నాను. "పొద్దున దొడ్డికి తడిక కట్టనప్పుడే తప్పింది."

ఆమె ఆ మాట తన పుస్తకంలో రాసుకుంది. నాకు ఒళ్ళంతా గర్వం. తాగినందుకు గర్వపడొద్దని కండక్టరు చెప్పాల్సి వచ్చింది.

ఆమె ఇంకొకటి నేర్పించింది. ఆశ సుడిగాలి మాదిరి వస్తాది, లేస్తాది, దుమ్ము కొడతాది, దానంతట అదే పోతాది. చాలాసార్లు ఇరవై నిమిషాలు చాలు. ఆ ఇరవై నిమిషాలు తాగకుండా ఉంటే గెలిచినట్టే.

ఇంతలో మా దేవర వచ్చింది. మా అన్నదమ్ముల కుటుంబాలన్నీ కలిసి పొట్టేలు కోసి చేసే మొక్కు. దాంట్లో ఒక కట్టుబాటు ఉండాది. దేవర ముందర నల్ల కంబళి కప్పుకుని వంశంలో పెద్ద నిలబడాల. పూజారి ఇచ్చిన ఇత్తడి గిన్నెలో సారాయి మొదట ఆయన తాగాల. ఆయన తాగేదాకా ఇంకెవరూ ముట్టకూడదు. మా నాయన పోయినప్పటి నుంచి ఆ పెద్దను నేనే. తాగితే ఇన్ని వారాల కష్టం మట్టిలో పోతాది. తాగకపోతే మా నాయన నుంచి వచ్చిన పెద్దరికం పోతాది.

"పోకుండా ఉండలేరా తాతా?" అనింది మేడమ్.

"పొట్టేలు పోకుండా ఉన్నా జరుగుతాదేమో గానీ, నేను లేకపోతే జరగదు తల్లీ."

అయితే ముందే ఏర్పాటు చేసుకుందామని రాయించింది. కడుపునిండా తిని పోవాల. పెండ్లాం పక్కనే ఉండాల. తమ్మునితో ముందు దినమే మాట్లాడి మొదటి గిన్నె సంగతి తేల్చుకోవాల. తిండి కాగానే వచ్చేయాల. అన్నీ చేసినాను, తమ్మునితో మాట్లాడడం తప్ప. రెండుసార్లు వాని ఇంటిదాకా పోయినాను. ఒకసారి ఎండ గురించి మాట్లాడి వచ్చినాను, ఒకసారి వాని గేదె గురించి.

కాబట్టి దేవర దినం మిట్టమధ్యాహ్నం కంబళి కప్పుకుని, చేతిలో నిండు గిన్నెతో, వెనక ముప్పై మంది మొగోళ్ళు ఖాళీ గ్లాసులతో కాచుకుని ఉండగా, నేను నిలబడి ఉండాను. సారాయి వాసన ముక్కుకు తగిలింది. ఆశ తొమ్మిది. నోట్లో నీళ్ళూరినాయి. పక్కన పెండ్లాంతో మెల్లగా చెప్పినాను: "సెల్లులో టైం చూడు."

వెనక నుంచి తమ్ముడు, "అన్నా, కానీప్పా. గొంతులు ఎండిపోతాండాయి" అన్నాడు.

నేను కదల్లేదు. ఇంకొకడు, "గిన్నెలో ఏమన్నా పడిందేమో, చీమా?" అన్నాడు.

"పడితే పడనీ, చీమ కూడా మా అన్నదమ్ముల్లోదే" అన్నాడు తమ్ముడు. అందరూ నగినారు.

"ఎంతయింది?" అని పెండ్లాన్ని అడిగినాను.

"నాలుగు నిమిషాలు."

నాలుగేనా అనుకునేసరికి చెమట కారింది, ఒళ్ళు వణికింది. గిన్నె అంచుల్లో సారాయి తొణికింది. అది చూసి మా మేనత్త, ఊళ్ళో అందరికంటే ముసలామె, రెండు చేతులెత్తి మొక్కింది. "సామి వచ్చినాడు" అనింది. అంతే, తప్పెటలోళ్ళు అందుకున్నారు. ఎవరో నా కాళ్ళ మీద నీళ్ళు పోసినారు. ఎవరో నిమ్మకాయ తెచ్చి నా చంకలో పెట్టినారు. రెండు చేతుల్లో గిన్నె ఉండాది కదా, ఇంక యాడ పెడతారు. ఒకాయన సాష్టాంగపడి, "సామీ, బోరులో నీళ్ళు పడతాయా?" అని అడిగినాడు. ఇంకొకామె కోడలికి కడుపు పండుతాదా అనింది. సోలార్ ప్లాంటులో ప్యానెళ్ళు కడిగే పనికి పోతాండే ఒకడు, పర్మినెంట్ ఎప్పుడు చేస్తారు సామీ అన్నాడు. ఆ ప్రశ్నకు సామి అయినా ఏం చెప్తాడు.

నా పెండ్లాం చెవిలో గుసగుసలాడింది. "మంచి సమయం. ఇంక సారాయి నాకొద్దు అని సామి మాదిరి చెప్పేయ్. నీ పెద్దరికమూ ఉంటాది, తాగేదీ ఉండదు."

చాలా సుళువైన దోవ. నోటిదాకా వచ్చింది. అయితే నేను తాగిన ఏండ్లన్నీ అట్లే గడిచినాయి. ఒంట్లో బాగలేదని, చుట్టం వచ్చినాడని, దేవుని తీర్థమని, ప్రతి గుక్కకూ ఒక అబద్ధం. ఇప్పుడు తాగకుండా ఉండేదానికి కూడా ఇంకొక అబద్ధమైతే, మళ్ళీ తడిక ఇప్పినట్టే.

"తప్పెట ఆపండప్పా" అన్నాను. ఆపినారు. "నాకు సామి రాలేదు. నాకు తాగాలని వచ్చింది. అది పోయేదాకా నిలబడి ఉండాను."

మేనత్త చేతులు ఇంకా గాల్లోనే ఉండాయి. నిమ్మకాయ చంకలో నుంచి జారి కింద పడింది. తమ్ముడు ముందుకు వచ్చినాడు.

"అంటే, తాగవా?"

"తాగను. ఆసుపత్రికి పోతాండా, మూడు నెలలయింది."

"పావగడకు కంటి చూపుకని పోతాండావని అనుకుంటిమి కదప్పా."

"నీకు చెప్పాలని రెండుసార్లు వస్తి."

"గేదె గురించి మాట్లాడినావే, అప్పుడా?" అన్నాడు వాడు. వెనక ఎవరో పకపకా నగినారు. వాడు మాత్రం నగలేదు. "ఇంకెప్పుడూ తాగవా?"

"ఎప్పుడూ అని నేను చెప్పలేను. ఈ పొద్దు తాగను."

"మరి మా గతి ఏంది అన్నా?"

గిన్నె వాని చేతిలో పెట్టినాను. కంబళి తీసి వాని భుజాల మీద కప్పినాను. ఆ కంబళి నా మీద నుంచి దిగేటప్పుడు మెడ కాడ చల్లగా గాలి తగిలింది. మా నాయన గుర్తొచ్చినాడు. తమ్ముడు గిన్నె వైపు చూసి, నా వైపు చూసి, "నేనేం పెద్దనప్పా" అని గొణిగినాడు. చిన్నప్పుడు గొర్రెపిల్ల పోగొట్టుకుని వచ్చినప్పుడు ఉండే మొగం.

"తాగు రా. ముప్పై మంది చస్తాండారు" అన్నాను. వాడు తాగినాడు. ముప్పై గ్లాసులు ఒకేసారి ముందుకు వచ్చినాయి.

"పదిహేడు నిమిషాలు" అనింది నా పెండ్లాం. అప్పటికి ఆశ రెండుకు దిగింది.

పెద్ద కోసమని తీసిపెట్టే తలకాయ కూర ఆ దినం తమ్ముని ఆకులోకి పోయింది. నాకు పక్కటెముకలు వచ్చినాయి. నొచ్చుకోలేదంటే అబద్ధం. తిని, చెయ్యి కడుక్కుని, రాసుకున్నట్టే ఇద్దరం ఇంటిదోవ పట్టినాము. రెండు పక్కలా కంచె, కంచె అవతల ప్యానెళ్ళు. ఇన్నేండ్లలో దేవర నుంచి నేను నా కాళ్ళ మీద ఇంటికి రావడం అదే మొదలు. ఆ దోవలో అంత పెద్ద మలుపు ఉండాదని నాకు తెలీదు.

మలుపు తిరిగేసరికి వెనక తప్పెట మళ్ళీ మొదలయింది. కొత్త పెద్దకు కొట్టే దరువు, నా తమ్ముని దరువు. నేను నిలబడినాను. నా పెండ్లాం నా మొగం చూసింది, ఏడుస్తాడేమో అని. నా కాలు మాత్రం దానంతట అదే లేచింది. తర్వాత రెండోది. పంచె ఎగ్గట్టి తారు రోడ్డు మీద ఆ దరువుకు ఎగరడం మొదలుపెట్టినాను. ఆమె ఒక నిమిషం చూసి, కొంగు నడుముకి చుట్టి, నా ఎదురుగా వచ్చి అడుగు కలిపింది. మోకాళ్ళ నొప్పులని నెల నుంచి మూలిగే మనిషి.

ప్లాంటు గేటు కాడ సెక్యూరిటీ ఆయన కుర్చీలో నుంచి లేచినాడు.

"ఏం తాతా, బాగా పడినట్టుందే లోపలికి?"

"చుక్క లేదప్పా."

"మరి ఎందుకు ఇట్ల ఎగురుతాండారు?"

"మా తమ్ముడు పెద్ద అయినాడు" అన్నాను, ఆగకుండానే.