రేగుకంపలో చిక్కిన రోజు

నా చిన్నప్పుడు ముదిగుబ్బ దగ్గర మా ఊళ్ళో గొర్రెల దొడ్డి చుట్టూ రేగుకంప వేసేవాళ్ళం. ఓ మధ్యాహ్నం గొర్రెపిల్ల ఒకటి కంపలో దూరితే, దాని వెనకే నేనూ దూరాను. అది ఎలాగో బయటపడింది, నేను మిగిలాను. రేగు ఎంత గడుసుదంటే, దాని ముళ్ళు జంటగా ఉంటాయి. ఒకటి సూటిది, ఒకటి వంకరది. ముందుకు జరిగితే సూటిది దిగుతుంది, వెనక్కి లాక్కుంటే వంకరది పట్టేస్తుంది. ఏడుస్తూ గుంజుకున్నకొద్దీ జుట్టూ లంగా ఇంకా చిక్కుకున్నాయి. ఊపిరాడలేదు.

మా నాయనను కన్న జేజినాయన కొడవలితో వచ్చాడు. గబుక్కున లాగేస్తాడనుకుంటే, తీరిగ్గా కంప పక్కన గొంతుక్కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“గొర్రెపిల్లకున్న తెలివి లేకపాయె గదమ్మా నీకు! గుంజొద్దు. యాడ గుచ్చుతాందో నువ్వు చెప్పు, యాడ కొయ్యాల్నో నేను చూస్తా” అన్నాడు.

నేను చెప్పిన చోటల్లా ఒక్కో రెమ్మే కోశాడు. ముందు మెడ దగ్గరిది, తర్వాత జుట్టు పట్టుకున్నది. చాలాసేపు పట్టింది.

ఇన్నేళ్ళకు మళ్ళీ అలాంటి కంపలోనే పడ్డాను. నా లివరు గట్టిపడిపోయింది. పోయినేడు అన్నవాహికలో ఉబ్బిన నరం పగిలి నెత్తురు కక్కుకున్నాను. ఇప్పుడేమో లివరుకు పోయే నరంలో నెత్తురు గడ్డకట్టిందట. నాది గడ్డకట్టని నెత్తురని మీరే అన్నారు కదా అని డాక్టరమ్మను నిలదీశాను. లివరు చెడితే గడ్డకట్టించేవీ, కట్టకుండా ఆపేవీ రెండూ తగ్గుతాయనీ, అందుకే నెత్తురు ఎటైనా ఒరగొచ్చనీ చెప్పింది. ఆమె చెప్పిన, నెత్తురు పలచబరిచే మందు వేసుకుంటే మళ్ళీ కక్కుకుంటానేమో, వేసుకోకపోతే గడ్డ పెరుగుతుందేమో. ఎటూ కదల్లేక కొన్నాళ్ళు కుమిలిపోయాను.

నా కూతురైతే ఆ మందే వద్దంది. “మళ్ళీ నెత్తురు కక్కుకుంటే మాయమ్మ బతుకుతాదా మేడమ్?” అని డాక్టరమ్మ మీదికి పోయింది. ఆమె కోప్పడలేదు. ముందు ఉబ్బిన నరాలు మళ్ళీ పగలకుండా వాటికి రబ్బరు బ్యాండ్లు బిగిస్తామనీ, అవి అణిగాకే మందు మొదలుపెడతామనీ చెప్పింది. లోపల నెత్తురు కారుతున్న గుర్తుగా మలం నల్లగా వచ్చినా, కడుపులో నొప్పి పుట్టినా ఆగకుండా రమ్మంది.

ఆ మాట వినగానే జేజినాయన కొడవలి గుర్తొచ్చింది. ఒప్పుకున్నాను.

బ్యాండ్లు వేయడం అయిపోయింది. ఇవాళ మొదటి మాత్ర. అబద్ధమెందుకు, భయం పోలేదు. మింగేటప్పుడు నా కూతురు నా మణికట్టు గట్టిగా పట్టుకుంది, వెనక్కి లాగేస్తుందేమో అన్నట్టు.

“గుంజొద్దు తల్లీ, యాడ గుచ్చినా నేను చెప్తా” అన్నాను.