చిన్నక్షరమైపోయిన ఇంటిపేరు

ఒక్క పూటలో ఒక పెద్ద ఆఫీసరు ఇంటిపేరును, ఒక మంత్రిగారిని, ఏకంగా కర్నూలు పట్టణాన్నే కుదించి పారేసిన చరిత్ర నాది. మీరు నవ్వండి, ఫరవాలేదు. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. చాలా ఆఫీసులు గుడారాల్లోనే నడిచేవి. మైదుకూరు నుంచి వచ్చిన నాకు అలాంటి ఒక గుడారంలో టైపిస్టు ఉద్యోగం దొరికింది, అదీ తాత్కాలికంగా. నాన్న పోయాక మా ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ ఉద్యోగం నిలవాలి. నా వేళ్లు గుర్రాల్లా పరిగెత్తేవి. ఇంగ్లీషు వాటి వెనక కుంటుకుంటూ వచ్చేది. మన అక్షరాల్లో చిన్నా పెద్దా లేదు కదా, ఇంగ్లీషులో ఎవరికెప్పుడు పెద్దరికం ఇవ్వాలో నాకు అంతుపట్టేది కాదు.

హెడ్‌క్లర్కు ఖాసీం సాహెబు గారిని అడిగాను.

"శానా సులువమ్మా సుగుణా! చుక్క పడిందా, దాని తర్వాత పెద్దక్షరం. ఇంగ పేర్లకేమో..."

ఆయన మాట ముగియకముందే నేను టైపు మిషను ముందున్నాను.

డోన్ చుట్టుపక్కల ఊళ్లలో తాగునీటి బావులు తవ్వించమని మా ఆఫీసరు మంత్రిగారికి రాసిన ఉత్తరం అది. మంత్రిగారు మధ్యాహ్నం రైలెక్కేలోగా అందాలి. చుక్క కనిపిస్తే పెద్దక్షరం, లేదంటే చిన్నది, అంతే! టకటకా కొట్టి, పతకం అందుకోబోయేదానిలా తీసుకెళ్లాను.

మా ఆఫీసరు టి. ఎన్. వెంకోబరావు గారు కళ్లద్దాలు సవరించుకున్నారు.

"ఏమ్మా, కర్నూలుకేమైంది?"

"బాగానే ఉండాది సార్."

"యాడ బాగుండాది? చిన్నక్షరంతో ఉండాది! క్యాపిటల్‌కే క్యాపిటల్ లేకుండా చేసినావే!"

"దాని ముందర చుక్క లేదు సార్."

"మంత్రిగారి పేరు?"

"దానికీ లేదు సార్."

"నంబరు అనే మాట పొట్టిగా రాసి చుక్క పెడితే, పక్కనుండే 'ఆఫ్' ఎందుకమ్మా అంత పెద్దదైంది?"

"దాని ముందర ఉండాది కదా సార్!"

చివరికి సంతకం పెట్టే చోటికి వచ్చారు. చుక్కల తర్వాతి 'ఎన్' పెద్దది, 'వెంకోబరావు' పెద్దది. మొట్టమొదటి 'టి' మాత్రం ఎండలో వాడిన మొలకలా చిన్నది.

"అది మా ఇంటిపేరమ్మా! మా వంశాన్నే తక్కువ చేసినావే!"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ఇంతలో ఖాసీం సాహెబు గారు ముందుకొచ్చారు.

"తప్పు నాది సార్. సగమే చెప్పి ఇడిసిపెట్టినా. ఆ సగాన్ని ఈ బిడ్డ ఎంత చక్కగా పాటించిందో సూడండి!"

ఆఫీసరు ఉత్తరం మళ్లీ చూసి, గుడారం తాళ్లు ఊగేంతగా నవ్వారు. సాహెబు గారు నా పక్కన కూర్చుని, "ఇది పేరు, ఇది ఊరు" అంటూ చదివారు, నేను కొట్టాను. ఉత్తరం రైలు కదిలేలోగా చేరింది. ఆ ఊళ్లకు బావులొచ్చాయి. నా ఉద్యోగం నిలిచింది, తమ్ముళ్లు చదువుకున్నారు. సగం వినకుండా పరిగెత్తింది నేనేనని ఆయనకు తెలుసు. అయినా ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు. ఆ మహానుభావుణ్ణి తలచుకుంటే ఈనాటికీ చేతులు వాటంతటవే జోడించుకుంటాయి.

ఆ రోజే మిషను మీద చెయ్యి వేసి ప్రమాణం చేశాను: ఎదుటివాళ్లు చెప్పేది పూర్తయ్యేదాకా ఇక జన్మలో కుర్చీలోంచి లేవను! ఆ ప్రమాణానికి కట్టుబడే, పెళ్లిచూపుల్లో మా ఆయన మొదలుపెట్టిన మాటను ఇప్పటికీ వింటున్నాను. ఆయనింకా ముగించలేదు.