దిద్దినా చెదరని రంగుపట్టీ

మొన్న మా కోడలు వాళ్ళ తమ్ముడి గృహప్రవేశం కార్డును ఫోనులోనే తయారుచేస్తుంటే, ఇంటిపేరులో ఒక వత్తు తప్పిందని చెప్పాను. ఆ అమ్మాయి వేలితో తాకి మార్చేసింది. నీడా, బంగారు రంగు అంచూ ఉన్నవి ఉన్నట్టే కొత్త అక్షరాలకు అమరిపోయాయి. తనకు అదేమీ వింతగా తోచలేదు గానీ నాకు మాత్రం పాత రోజులు గుర్తొచ్చాయి. అదే పని మొదటిసారి నా చేతుల మీదుగా జరిగిన రోజున, భద్రాచలంలో మా మామయ్య డీటీపీ సెంటర్లో, నేను కుర్చీలోంచి లేచి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. చదువు అయిపోయి మా ఊరు తల్లాడలో ఊరికే కూర్చున్న నన్ను తీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టింది ఆయనే. మన వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో పెళ్ళికార్డుకైనా, జాతర కరపత్రానికైనా పేరు సింగారంగా కనబడాలంటే, దాన్ని విడిగా గీసి, బొమ్మగా మార్చి, పేజీలో అతికించేవాళ్ళం. బొమ్మయ్యాక అది ఇక అక్షరం కాదు. కొమ్ము తప్పినా, దీర్ఘం తప్పినా పని మళ్ళీ మొదటికే.

అటువంటి రోజుల్లో చర్ల అవతల ఒక గూడెం బడిలో పనిచేసే కోయ టీచరుగారు, వాళ్ళమ్మ చెప్పిన కథలను కోయ మాటల్లోనే తెలుగు అక్షరాలతో రాసుకుని, పిల్లలకు పుస్తకంగా వేయిద్దామని మా దగ్గరికి వచ్చారు. తమ మాటలో అచ్చయిన పుస్తకాన్ని ఆ గూడెం అప్పటిదాకా చూసి ఎరగదట. నేను ముచ్చటపడి, ప్రతి కథ పేరునూ ఒక రంగుపట్టీ మీద తెల్లని లావు అక్షరాలతో గీశాను. మర్నాడు ఖమ్మం ప్రెస్సుకు పంపాలనగా, ఆయన వాళ్ళమ్మను బస్సులో వెంటబెట్టుకొచ్చి పేర్లన్నీ చదివి వినిపించారు. కాసేపటికే ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి కోయలో ఏదో అంది.

“గిట్ల పలకరంటుంది మేడం. దీర్ఘం పెడితే మాటే మారిపోతదంట. ఇంకా చాలా పేర్లు తప్పే ఉన్నయంట,” అన్నారు టీచరుగారు.

మామయ్య తల పట్టుకున్నారు. “లోపలి కథలైతే దిద్దుతం సారూ. పేర్లు బొమ్మలైపోయినయ్, మల్ల గీసుడంటే రేపటికి కాదు. రేపు తప్పితే ప్రెస్సోళ్ళు బడి తెరిచే నాటికి ఇయ్యరు. చిన్న తప్పులే కదా, ఉండనియ్యుండ్రి.”

ఆవిడ ఈసారి నా వైపు తిరిగి, తెలుగులోనే, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ అడిగింది. “నేను చెప్పిన కథకు వేరే పేరు పెడితే, అది నా కథెట్లయితది బిడ్డా?”

“సాయంత్రం బస్సు దాకా ఆగండి అవ్వా,” అన్నాను.

పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు కొత్తది అప్పుడే తెచ్చుకున్నాం. అక్షరాల కింద గీసే గీతను ఎంత లావైనా చేయవచ్చని, పైకీ కిందికీ జరపవచ్చని అంతకుముందు ఏదో నోటీసు కొడుతూ గమనించాను. ఆ గీతనే బాగా లావు చేసి, రంగు వేసి, అక్షరాల వెనక్కి ఎత్తితే పట్టీ కాదా అనిపించింది. మొదట వత్తులు కిందికి వేలాడాయి. గీతను ఇంకాస్త లావు చేసి కిందికి దించితే అవీ లోపలికి వచ్చాయి. అక్షరాల చుట్టూ సన్నని అంచు కూడా చేర్చి, ఒక్క నొక్కుతో ఏ పేరుకైనా అమరేలా మొత్తాన్ని ఒక స్టైలుగా దాచాను. తర్వాత ఒక పేరు మామూలుగా టైపు చేసి, ఆ స్టైలు మీద నొక్కాను. పట్టీ పరుచుకుంది. దీర్ఘం తీసేస్తే పట్టీ కురచైంది, కొత్త అక్షరం చేరిస్తే పొడుగైంది. అప్పుడే ఆ చప్పట్లు!

అవ్వ నా పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆమె పలకడం, టీచరుగారు రాసి చూపడం, నేను కొట్టడం. చదవడం రాని ఆ తల్లి, తన నోటి మాటకు తెర మీద రంగు సాగుతుంటే పకపకా నవ్వి, సరిగ్గా ఉన్న పేరును కూడా మళ్ళీ మార్చి చూపించమంది. మామయ్య నోరు తెరుచుకుని, “అవ్ బిడ్డా, అది బొమ్మ కాదా? అక్షరమేనా?” అని అడిగిందే అడిగారు.

పేజీలు మర్నాడు ప్రెస్సుకు వెళ్ళాయి. బడి తెరిచిన రోజు నన్నూ గూడేనికి పిలిచారు. పిల్లలు కథ పేర్లు గట్టిగా చదువుతుంటే, అవ్వ ఒక్కచోట కూడా చెయ్యి అడ్డం పెట్టలేదు. నాకు అంతకు మించిన సన్మానం తర్వాత జరగలేదు.

ఇప్పుడు దిద్దుబాట్లు మెసేజీల్లో వస్తాయి, ఒక్క నిమిషంలో అయిపోతాయి, సంతోషమే. కానీ తన మాట సరిగ్గా అచ్చు కావాలని అంత దూరం బస్సులో వచ్చి, ప్రతి అక్షరం తాను పలికినట్టు వచ్చేదాకా పక్కనుంచి కదలని మనిషిని మాత్రం, ఇన్నేళ్ళలో నేను మళ్ళీ చూడలేదు.