బాయిలర్ రూముకు సున్నం

2002 అక్టోబరులో నన్ను ఒక పాత యుద్ధనౌక మీదికి కాంట్రాక్టు పద్ధతిలో మళ్లీ పిలిచారు. అప్పటికి నేవీలో పెట్టీ ఆఫీసరుగా రిటైరై తాడేపల్లిగూడెంలో ఉంటున్నాను. నేను కుర్రతనంలో పనిచేసిన నౌకే అది. యుద్ధం చేసొచ్చిన దాన్ని సర్వీసు నుంచి తప్పించి మ్యూజియంగా మారుస్తున్నారు. లోపలి దారులు తెలిసినవాడు కావాలి. ఎనిమిదో తరగతిలోనే బడికీ నాకూ పరస్పర అంగీకారంతో విడాకులయ్యాయి గనుక, మ్యూజియం అన్న మాటను తప్పు లేకుండా రాయడం అక్కడే నేర్చుకున్నాను.

నేను స్టోకర్ని, అంటే బాయిలర్ మంట చూసేవాడిని. ఆ మంట నీటిని ఆవిరి చేస్తుంది, ఆవిరి నౌకను నడుపుతుంది. మా పనంతా నీటిమట్టానికి కింద. నేవీలో అంతకాలం ఉండి మేం ఈదింది ఎక్కువగా మా చెమటలోనే.

1971 యుద్ధంలో మా నౌక పక్కన పేలుడు జరిగి, ముందు బాయిలర్ రూములో ఆవిరి గొట్టం పగిలింది. అక్కడ డ్యూటీలో ఉన్న ఏసుపాదం చనిపోయాడు. కొల్లేటి లంక కుర్రాడు, నా బ్యాచి. నేను వెనక బాయిలర్ రూములో ఉన్నాను. నౌక రేవుకు తిరిగే వీల్లేదు. పద్ధతి ప్రకారం కాన్వాసు గుడ్డలో కుట్టి, జెండా కప్పి, సముద్రానికి అప్పగించాం. శవాన్ని జార్చే పలక పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి.

మ్యూజియంలో అతని పేరిట గాజు పెట్టె పెట్టాలని ఇన్‌ఛార్జి కమాండరు గారు నిర్ణయించి, కనీసం టోపీ అయినా అడిగి తెమ్మని నన్ను పంపారు. నవంబరు మొదట్లో ఏలూరులో బస్సు దిగి, చేపల చెరువుల గట్ల మీదుగా ఆటోలో వెళ్లి, చివర దోనె ఎక్కాను. ఏసుపాదం తల్లి మార్తమ్మ గారు చర్చి వెనక ఒక సమాధికి సున్నం వేస్తున్నారు. ఏటా ఆ రోజుల్లో అక్కడి క్రైస్తవులు సమాధులకు సున్నం వేసి కొవ్వొత్తులు పెడతారు. సమాధి మీద ఏసుపాదం పేరుంది. పేరు రెండుసార్లు చదివాను. 

"లోపలేముందండీ?" అన్నాను.

"మీవోళ్లు పంపిన సంచి నాయనా. బట్టలూ, టోపీ. పాస్టరు గారు ప్రార్థన చేసి పూడ్చారు. మనిషి దొరకలేదని సమాధి కూడా లేకుండా ఉంటాడా?"

"ఆ టోపీ కోసమే వచ్చానండీ. ఇప్పుడు అడగబుద్ధి కావట్లేదు."

"అడిగినా ఇవ్వను గానీ, వాడు పోయిన చోటు చూపించు. ఒక్క కొవ్వొత్తి పెట్టుకుంటాను."

చిక్కల్లా అక్కడే. నూనె మరకలున్న గదిలో అగ్గిపుల్ల కూడా గీయకూడదు. పైగా సందర్శకులకు ప్రమాదమని ఆ వారంలోనే బాయిలర్ రూముల్లోకి దిగే మూతలను వెల్డింగ్ చేసి శాశ్వతంగా మూసేస్తున్నారు. ఆ తరువాత ఆమెకు చూపించడానికి ఇనుప రేకు తప్ప ఏమీ మిగలదు.

"అక్కడ మంట పెట్టనివ్వరండీ," అన్నాను.

"మంటలు పెట్టడానికేగా మిమ్మల్ని జీతాలిచ్చి పెట్టుకుంది?"

జీవితంలో నన్ను మాటతో పడగొట్టినవాళ్లు తక్కువ. ఆమె చేతిలోని కుంచె చూసి, "సున్నమైతే తెచ్చుకోండి," అన్నాను.

కమాండరు గారు విని, నౌకలో వాడే రంగుల్లో సున్నం లేదని మాత్రం అన్నారు. ఇన్నేళ్లూ ఎన్నో రంగులు వేయించుకుంది గదా సార్, ఒక్క పూట సున్నం ఓర్చుకుంటుంది అన్నాను. వెల్డింగ్ ఒక రోజు ఆపించారు.

ఆ రోజు మార్తమ్మ గారు నౌకెక్కి మూత దాకా రాగలిగారు. కిందికి వెళ్లే నిచ్చెన నిట్టనిలువు. ఒక మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తీసుకుని, మూత పక్కనే కూలబడి సున్నం డబ్బా నా చేతికిచ్చారు. నేను దిగి, ఏసుపాదం నిలబడే చోట గోడ మీది జిడ్డు గీకాను. పైనుంచి గొంతు వినిపిస్తూనే ఉంది.

"లోపల వేడిగా ఉందా నాయనా?"

"లేదండీ. చల్లగా ఉంది."

"ఒళ్లు ఉడికిపోతంది అని రాసేవాడు. చల్లగా ఉందా, పోన్లే." అంటూనే, "మళ్లీ ఏడాది సున్నం ఎవరేస్తారు?"

"మూసేస్తారండీ. ఇదే ఆఖరు."



"అయితే దళసరిగా వెయ్యి నాయనా."

ఇనుము మీద సున్నం నిలవదని నౌకల మీద పనిచేసిన అందరికీ తెలుసు. ఆరేదాకా ఆగి, పూత మీద పూత వేశాను. మర్నాడు మూత వెల్డింగ్ చేశారు.

నౌక చరిత్ర బోర్డు మీద అది ఎప్పుడు చేరింది, ఎక్కడ పోరాడింది, ఎప్పుడు తప్పుకుంది అన్నీ ఉన్నాయి. సున్నం సంగతి లేదు. తరువాత పాత నౌకల పనికి నన్ను పిలిచినచోటల్లా ఒక పద్ధతి పెట్టించాను. ఏ గదినైనా మూసే ముందు, అందులో పనిచేస్తూ పోయినవాళ్ల ఇళ్లకు కబురు పంపాలి. వచ్చేవాళ్లలో తల్లులుంటారు గనుక, వాళ్లు దిగగలిగే నిచ్చెన ముందే కట్టించాలి.