పాతిక కిలోల లోపు

గోడౌన్‌లో అతణ్ణి అందరూ జాకీ అనేవారు. ఫ్రిజ్ అయినా బీరువా అయినా "జాకీని పిలవండ్రా" అంటే చాలు, వచ్చి వాటేసుకుని ఎత్తేసేవాడు. అలా ఎత్తి ఎత్తి ఒకనాడు వాషింగ్ మెషీన్‌తో సహా కూలబడ్డాడు. నడుములో డిస్కు జారిందన్నారు. "జాకీకే జాకీ పెట్టాల్సొచ్చిందే!" అని నవ్వుతూనే తోటివాళ్ళు ఇంటికి మోసుకొచ్చి పడుకోబెట్టారు. నవ్వకేం చేస్తారు పాపం, రేపు వాళ్ళ వంతు.

ఉద్యోగానికి ఢోకా లేదు. గేటు దగ్గర కూర్చుని లారీల నంబర్లు రాసుకోమన్నాడు మేనేజరు. అసలు బెంగ కూతురి గురించి. పదకొండేళ్ళ పిల్ల, పుట్టినప్పటి నుంచీ కాళ్ళలో సత్తువ లేదు. వాళ్ళ వాటా మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. రోజూ పొద్దున్నే జాకీ పిల్లని ఎత్తుకుని యాభై నాలుగు మెట్లు దిగి, కింద చక్రాల కుర్చీలో కూర్చోబెడితే, తల్లి బడికి తోసుకెళ్ళేది. ఇప్పుడు దింపే దిక్కు లేదు. తల్లికి ఆయాసం. పక్కింటివాళ్ళు రెండు రోజులు దింపారు, మూడో రోజు తలుపు తీయలేదు. ఎవరి తిప్పలు వాళ్ళవి. పిల్ల బడి మానేసి కిటికీ దగ్గర కూర్చుంది.

వ్యాయామం నేర్పే డాక్టరమ్మ వారానికోసారి ఇంటికొచ్చేది. మొదటిరోజు లీటరు నీళ్ళ సీసా ఎత్తమంది. బీరువాలెత్తిన మనిషికి నీళ్ళ సీసా! సిగ్గుతో చచ్చిపోయాడు. తీరా ఎత్తబోతే నడుం కలుక్కుమంది. మోకాళ్ళు వంచు, బరువు పొట్టకి ఆనించు, ఊపిరి బిగబట్టకు అని ఒకటే పోరు. సీసా పోయి బకెట్టు, బకెట్టు పోయి ఇసుక సంచి వచ్చేసరికి ఆర్నెల్లు పట్టింది.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు. "పాపని ఎప్పుడు ఎత్తుకోవచ్చమ్మా?"

"ఎంత బరువుంటుంది?"

"ముప్ఫై కిలోలు."

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "పాతిక దాటొద్దు. ఇప్పుడే కాదు, ఎప్పటికీ. దాటితే ఈసారి మంచం దిగవు."

ఇల్లంతా కలిపి ఒకటే గది. పిల్ల కిటికీ దగ్గరే ఉంది, చెవిటిదేం కాదు.

డాక్టరమ్మ వెళ్ళాక జాకీ భార్యతో, "ఐదు కిలోలు ఎక్కువైతే ఏం? ఎవడు తూచొచ్చాడు?" అన్నాడు.

"ఎవరో ఎందుకయ్యా, నీ నడుమే తూస్తుంది" అందావిడ.

వేసవి సెలవులయ్యాక బడి తెరవడానికి ఇంకా మూడు నెలలుంది. జాకీ మొండిగా సంచిలో దొంగచాటుగా గుప్పెడు గుప్పెడు ఇసుక కలుపుతూనే ఉన్నాడు. ఆ రోజుల్లోనే పిల్ల తిండి దగ్గర పేచీలు మొదలెట్టింది. కడుపులో బాలేదంటుంది, సగం తిని ప్లేటు తోసేస్తుంది. కదలకుండా కూర్చుంటే ఆకలెక్కడ పుడుతుందని తల్లి సర్దిచెప్పుకుంది. చిక్కిపోతోందేమే అని అతనంటే, పొడుగవుతోంది కదా అంది.

బడి తెరిచిన రోజు జాకీ నడుముకి బెల్టు బిగించి, మోకాళ్ళు వంచి, పిల్లని పొట్టకి ఆనించుకుని లేచాడు. లేచాడు! కలుక్కుమనలేదు, చురుక్కుమనలేదు.

"చూశావుటే!" అని భార్యని చూసి అరిచాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

పది మెట్లు హుషారుగా దిగి, పదకొండో మెట్టు మీద ఆగిపోయాడు. ఇరవయ్యేళ్ళు బరువులెత్తిన చేతులవి, వాటిని మోసం చెయ్యలేం. ఇది ముప్ఫై కాదు, పాతికా కాదు. వేళ్ళకి పక్కటెముకలు ఒక్కొక్కటీ తగులుతున్నాయి.

"ఏంటమ్మలూ, ఇలా అయిపోయావేంటి?"

పిల్ల అతని చెవిలో గొప్పగా చెప్పింది. "పాతిక దాటలేదు కదా నాన్నా! ఇంక పెరగనులే, ఒట్టు."

"ఏమైందయ్యా, నడుం పట్టేసిందా?" పైనుంచి భార్య కంగారుగా అడుగుతోంది. కడుపునిండా పెడితే ఎత్తలేడు. మాడ్చి ఎత్తుకుంటే తండ్రెలా అవుతాడు? కిందికి దిగాలో పైకెక్కాలో తోచక, పిల్లని గట్టిగా పట్టుకుని మెట్టు మీదే నిలబడి ఏడ్చేశాడు.