కిటికీ మీద చప్పుడు, అవ్వ మీద ఫిర్యాదు

లోకమంతా పని మానుకుని నన్నే గమనిస్తోందని గట్టిగా నమ్మిన రోజులవి. ఇరవై రెండేళ్లు, బీఎడ్ అప్పుడే అయింది, పెనుకొండలో ఒక ప్రైవేటు బడిలో ఉద్యోగం. ధర్మవరంలో మగ్గాల సందున ముగ్గురు చెల్లెళ్లతో ఒకే చాప మీద పడుకుని పెరిగినదాన్ని, మొదటిసారి నాకంటూ ఒక అద్దె గది దొరికింది. గది అద్దెకిచ్చిన ఇంటాయన తల్లి, అంటే అవ్వ, నా కిటికీ బయట వసారాలో మంచం వేసుకునేది. అటు పోతా ఇటు పోతా తొంగి చూసి, తింటివా, నీళ్లొచ్చినాయా అని అడిగేది. (ఇప్పుడెవరైనా అట్లా అడిగితే కళ్లనీళ్లు పెట్టుకుంటాను. అప్పుడు మాత్రం నా స్వేచ్ఛకు భంగం.) హిందూపురం పోయి, బయటికి అద్దంలా మెరిసే ఫిల్మ్ కొనుక్కొచ్చి కిటికీకి అంటించాను. అదీ చాలదని లోపల అమ్మ పాత చీర కర్టెన్‌గా కట్టాను.

నాలుగోనాటి నుంచి తెల్లారుతూనే టక్ టక్ మని చప్పుడు. కర్టెన్ తీస్తే ఎవరూ ఉండరు. పడుకుంటే మళ్లీ మొదలు. అవ్వ కసి తీర్చుకుంటోందని నాకు అర్థమైపోయింది. (నేను చెప్పేది సైన్సు. ఆధారం లేకుండా నిర్ణయానికి రాకూడదని బోర్డు మీద రాసేదాన్ని.) ఒకరోజు చప్పుడు కాగానే తలుపు తీసి చూస్తే, అవ్వ కట్టె పట్టుకుని సరిగ్గా నా కిటికీ ముందే నిలబడి ఉంది. ఏదో చెప్పబోయింది. నేను వినలేదు. నేరుగా ఇంటాయన దగ్గరికి పోయి, మీ అమ్మ నన్ను నిద్ర పోనివ్వడం లేదు, ఇట్లయితే గది ఖాళీ చేస్తానన్నాను. ఆయన నా ఎదుటే తల్లిని మందలించాడు, వయసుతోపాటు బుద్ధి కూడా పోతోందన్నాడు. అవ్వ దుప్పటి చుట్టుకుని పెరట్లో రేకుల కిందికి మారింది.

మరుసటి పొద్దున చప్పుడు రెండింతలైంది. ఈసారి బయటికొచ్చి గోడవారగా నక్కి చూశాను. పిగిలిపిట్ట. నెత్తిన కుచ్చు నిక్కబొడుచుకుని, నా ఫిల్మ్‌లో కనిపించే పిట్ట మీదికి ఎగిరెగిరి దూకుతోంది. అలిసిపోయి కమ్మీ మీద వాలుతుంది, తలెత్తితే శత్రువు అక్కడే ఉంటుంది, మళ్లీ యుద్ధం. ముగ్గేస్తున్న ఎదురింటక్క తలెత్తకుండానే చెప్పింది, వారం నుంచీ ఇదే కతనీ, నా నిద్ర చెడుతుందని అవ్వ రోజూ లేచి కట్టెతో దాన్ని తోలేదనీ.

ఇంటాయనను వెంటబెట్టుకుని పెరట్లోకి పోయి జరిగింది చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

“పిట్ట తెలీక కొట్టుకుంటాంది. నువ్వు నేనని ఎట్లనుకుంటివి పాపా?”

మళ్లీ ఆమే అంది, “ఆ కాయితం పీకెయ్. దాని ముక్కు పగిలేటట్టుండాది.”

పీకాను. జిగురు వదలక గోళ్లతో గీకుతుంటే, అవ్వ చెంబుతో వేణ్ణీళ్లు తెచ్చి పక్కన పెట్టి పోయింది. మంచం మాత్రం వసారాలోకి రావడానికి పది రోజులు పట్టింది. నేనే మోసుకొచ్చాను.

ఇప్పుడు నేనో బడికి హెడ్‌మిస్ట్రెస్‌ని. పెనుకొండ మీదుగా పోయినప్పుడల్లా దిగి అవ్వను చూసొస్తాను. చూపు బాగా తగ్గింది. అయినా ఇంటికి ఎవరొచ్చినా నన్ను ఒకే రకంగా పరిచయం చేస్తుంది: “ఈ పాపే, పిట్టను నేననుకునింది.” అందరూ నవ్వుతారు. ఇన్నేళ్లయినా నా చెవులు వేడెక్కుతాయి. తల వంచుకుని, ఆమె పెట్టిన బొరుగులు నములుతూ నేనూ నవ్వుతాను.