రేకుల కింద పెద్ద కారు

రాసుకోమ్మా, మెల్లగానే చెప్తాను. నువ్వు ట్రాము చూడలేదు కదా. చిన్నప్పుడు మద్రాసులో మా పెదనాన్న నన్ను ఎక్కించాడు. రోడ్డు మధ్యలో పట్టాలు, పైన కరెంటు తీగ. ఇంకోసారి పోయేసరికి ఆపేశారు. జనం కొన్నాళ్లు తిట్టుకుని బస్సులెక్కారు.

కువైట్‌లో కారు లేనిదే మనిషి కదలడు. పక్కవీధిలో రొట్టె తేవాలన్నా కారే. నేను పనిచేసిన ఇంట్లో నలుగురికి మూడు కార్లు. మా పనివాళ్లకు బస్సు.

తొంభైలో, ఆ వేసవిలో ఇంటివాళ్లు సెలవులకని వేరే దేశం పోయారు. ఇంటావిడను మామా అనేవాళ్లం. పోయేముందు ఆవిడ పెద్ద కారు తాళంచెవి నా చేతిలో పెట్టి, ఎండకు బ్యాటరీ పాడవుతుంది, రోజూ పావుగంట ఇంజను వేసి ఉంచమంది. తాళం తిప్పడం నేర్పింది. నడపడం నాకు రాదు.

తర్వాత ఇరాక్ సైన్యం వచ్చింది. వాకిట్లోని రెండు కార్లను సైనికులు తోలుకుపోయారు. ఇంటి వెనక రేకుల కింద ఉన్న పెద్దది వాళ్ల కంటపడలేదు. బస్సులు ఆగిపోయాయి. కువైట్‌లోనే, షువైఖ్‌లో మెకానిక్ పని చేసే మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, పెద్ద బండి ఉండాదా?"

"ఉండాది."

"ఎవురికీ ఇయ్యగాకు. నేనొస్తా, దాంట్లో జోర్డాన్‌కు పోదాం."

మర్నాటి నుంచి ఫోన్ పనిచేయలేదు. నేను రోజూ ఇంజను వేశాను. తమ్ముడొచ్చేసరికి బండి బాగుండాలి కదా. ఇంట్లో కరెంటు పోయాక కారు ఏసీ కూడా వేసుకుని లోపల కూర్చునేదాన్ని. భయమేమీ లేదు, ఏడుపూ లేదు. ఊరికే కూర్చునేదాన్ని. పావుగంట కాస్తా రెండు గంటలయింది.

మూడు వారాలకు తమ్ముడు నడిచే వచ్చాడు. నీళ్లు కూడా తాగకుండా కార్లో కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను దగ్గినట్టు దగ్గి ఆగిపోయింది.

"పెట్రోలు యాడికి పాయె?"

"రోజూ ఇంజనేసినా. మామా చెప్పింది."

"మామా చెప్పింది పావుగంటే గదా?"

నేను కొంగుతో కారు తలుపు తుడుస్తూ నిలబడ్డాను.

"ఏసీ ఏసుకున్యావా?"

"ఏసుకున్యా."

"దొరసాని మాదిరి కూసున్యావు పో!" అని నవ్వాడు. నవ్వి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు.

డబ్బా పట్టుకుని బంకుకు పోతానన్నాను. అక్కడ సైనికులున్నారు, బండి ఉందని తెలిస్తే అదీ గుంజుకుంటారు, వద్దన్నాడు. ఊరి మధ్యలో మిర్కాబ్ దగ్గర మనదేశం వాళ్ల కోసం బస్సులు పెడుతున్నారని విన్నాం. నడిచాం. అవి కార్ల కోసం వేసిన రోడ్లు. మనిషి నడవడానికని ఒక అంచు కూడా లేదు. పక్కన కార్లు వదిలేసి ఉన్నాయి, కొన్నింటికి తలుపులు తెరిచే ఉన్నాయి. తమ్ముడు ముందు, నేను వెనక.

మిర్కాబ్‌లో నాలుగు రోజులు పేవ్‌మెంట్ మీదే ఉన్నాం. బస్సు వచ్చింది. ముందు ఆడవాళ్లు, పిల్లలు అన్నారు.

"యల్లా, ఎక్కు," అన్నాడు.

"నువ్వో?"

"ఎక్కక్కా, ఎనకమాల ఇంకోటొస్తాది."

ఎక్కాను. కిటికీలోంచి తమ్ముడు కనిపిస్తూనే ఉన్నాడు. నాకు ఏమీ అనిపించలేదు. ఇది కూడా రాయి.

బస్సు దింపిన చోట, జోర్డాన్ సరిహద్దు దగ్గర, ఎడారిలో గుడారాలు. రోజూ పొద్దున రోడ్డు దగ్గరికి పోయి, దిగేవాళ్ల మొహాలు చూసి వచ్చేదాన్ని. పదకొండో రోజు లారీ మీంచి తమ్ముడు దిగాడు. ఒక కాలికి చెప్పు లేదు. నా చేతిలో ఉన్న రొట్టె సగం విరిచి ఇచ్చాను. నిలబడే తిన్నాడు.